గుమ్మపాలు తాగవచ్చా?

పొదుగు నుంచి చెంబులోకి పడ్డ పాలు, నురగ తగ్గకముందే, ఆ గోరువెచ్చదనంతోనే తాగడం మా చిన్నప్పుడొక వైభవం. గుమ్మపాల రుచి నాకింకా గుర్తే. అందుకే ‘కాస్తే పాలల్లో సారం పోతుంది, పచ్చిపాలే బలం’ అనేవాళ్ల ఆశ నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పుడు ఇంట్లో పిల్లలకు మాత్రం ఆ చెంబు అందించను.

మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు నెలల తరబడి వచ్చిపోయే జ్వరంతో కృశించిపోయేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు, చనిపోయినవారి ప్లీహంలో ఆ జ్వరానికి మూలమైన క్రిమిని పట్టుకున్నాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో తేలడానికి మరో 18 ఏళ్లు పట్టింది. 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిత్ మేకల రక్తంలో దాన్ని కనుగొన్నాడు. అక్కడ మేకలను ఇంటింటికీ తోలుకొచ్చి గుమ్మం ముందే పాలు పితికేవారు. అంతకన్నా తాజా పాలుండవు. ఆ మేకలు శుభ్రంగా మేస్తున్నాయి, పాలిస్తున్నాయి, చూపులకు ఏ జబ్బూ లేదు. సైనికులకు మేకపాలు ఆపేశాక జ్వరాలు తగ్గిపోయాయి.

బ్రూస్ పేరు మీదే బ్రూసెల్లా అని పిలిచే ఆ క్రిముల జాతి మన పశువుల్లోనూ ఉంది. చూడి గేదె నెలలు నిండకుండా ఈసుకుపోతే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. తరువాతి ఈత మామూలుగానే జరగవచ్చు, రైతు ఆ సంగతే మరచిపోవచ్చు. క్రిమి మాత్రం పొదుగులో ఉండిపోయి పాలతో బయటికి వస్తూనే ఉంటుంది. ‘మా గేదె ఆరోగ్యంగానే ఉంది’ అన్న భరోసా ఇక్కడ చాలదు. పశువుల క్షయ కూడా పాల ద్వారా మనిషికి సోకుతుంది. ఇక పొదుగుకంటిన పేడ నుంచి చేరే ఇ. కోలి, సాల్మొనెల్లా సరేసరి.

పాశ్చరైజేషన్ అంటే పాలను మరిగించడం కాదు. 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు, లేదా 63 దగ్గర అరగంట ఉంచి వెంటనే చల్లార్చడం. ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు. మొదట్లో క్షయ క్రిమి చావడమే కొలమానం. అంతకన్నా వేడికి తట్టుకునే క్యూ జ్వరం క్రిమి సంగతి తెలిశాక, 1956లో అమెరికాలో అరగంట పద్ధతి వేడిని మరో డిగ్రీ పెంచారు. ఇందులో నాకు ముచ్చటేసే విషయం ఒకటుంది. పాలల్లో సహజంగానే ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ సరిగ్గా ఈ వేడికే పనిచేయడం మానేస్తుంది. డెయిరీలో వేడి సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి క్రిములను వెతకనక్కర్లేదు, ఆ ఎంజైమ్ మిగిలిందేమో చూస్తే చాలు.

మరి పోయే సారమెంత? కాల్షియం, మాంసకృత్తులు, కొవ్వు ఎక్కడికీ పోవు. బి విటమిన్లు కొన్ని కొద్దిగా తగ్గుతాయి. సి విటమిన్ తగ్గుతుంది గానీ దానికోసం మనం ఎన్నడూ పాల మీద ఆధారపడలేదు. పచ్చిపాలల్లో లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ ఉంటుందన్నది నిజం కాదు. ఒక్క వాదనను మాత్రం తీసిపారేయలేం. యూరప్‌లో పాడి ఇళ్లలో పెరిగి, పచ్చిపాలు తాగిన పిల్లల్లో ఉబ్బసం, అలర్జీలు తక్కువగా కనిపించాయి. పాలవిరుగుడు తేటలో ఉండే ప్రోటీన్లు కారణం కావచ్చని పరిశోధకుల ఊహ. అయినా పచ్చిపాలు తాగమని వాళ్లూ చెప్పలేదు.

పాలవాడు పోసిన పాలైతే, అడుగునుంచి కలుపుతూ ఒక పొంగు బాగా రానిస్తే పాశ్చరైజేషన్‌కు మించిన పనే జరుగుతుంది. గంటల తరబడి మరిగించనక్కర్లేదు. ప్యాకెట్ పాలల్లో జబ్బు క్రిములు చచ్చినా, వేడికి చావని బీజాలు కొన్ని మిగులుతాయి. కొట్టు ముందు ఎండలో ఉన్న ప్యాకెట్‌ను ఇంటికి తెచ్చాక కాచుకోవడమే మేలు. పంచామృతంలో కలిపేవి పచ్చిపాలైతే, గర్భిణులకూ పసిపిల్లలకూ కాచి చల్లార్చిన పాలతో విడిగా చేసి పెట్టండి.

పాడి ఉన్నవాళ్లకు ఇంకో మాట. పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల వయసులో బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయిస్తారు. ఈసుకుపోయిన పిండాన్నీ మావినీ ఉత్తచేతులతో తీయకండి. పాలు తాగకపోయినా ఆ చేతుల ద్వారానే జ్వరం పట్టుకుంటుంది.