‘ఈ వయసు పిల్లల్లో పనిచేస్తుంది’... ఏ పిల్లల్లో?

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఓ తెలుగిల్లు ఊహించుకోండి. పదిహేనేళ్ల అమ్మాయి. నెలన్నరగా స్కూలు నుంచి రాగానే గదిలోకెళ్లి తలుపేసుకుంటోంది. ‘చదువు ఒత్తిడిలే’ అంటాడు నాన్న. ‘సరిగ్గా తినడం లేదు, తలనొప్పి రాక ఏమవుతుంది’ అంటుంది హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మమ్మ. చివరికి స్కూలు కౌన్సెలర్ ఫోన్ చేస్తే తప్ప ఎవరూ కదలరు. డాక్టరు అంతా విని కుంగుబాటు అని తేల్చి ఓ మందు రాస్తాడు. ‘భయపడకండి. ఈ వయసు పిల్లల్లో ఇది పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది’ అంటాడు.

ఏ పిల్లల్లో?

అమ్మమ్మ అడగదు గానీ, అడగాల్సిన ప్రశ్నే అది.

టీనేజీ కుంగుబాటుకు చికిత్స గురించి డాక్టర్లు ఎక్కువగా చెప్పుకునే పరిశోధనల్లో ఒకటి ‘టాడ్స్’. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిధులతో 13 చోట్ల జరిగింది. 2004లో ఫలితాలు వచ్చాయి. 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 439 మందిని నాలుగు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఫ్లుయోక్సెటిన్ మాత్ర. ఒక జట్టుకు ఆలోచనా ధోరణిని సరిచేసే కౌన్సెలింగ్. మూడో జట్టుకు రెండూ. నాలుగో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర. పన్నెండు వారాల తర్వాత చూస్తే రెండూ తీసుకున్నవారిలో 71 శాతం తేరుకున్నారు. మాత్ర ఒక్కటే వాడినవారిలో దాదాపు 61 శాతం, కౌన్సెలింగ్ ఒక్కటే అయితే 43, ఉత్తుత్తి మాత్రతో 35 శాతం.

మంచి పరిశోధనే. దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ 439 మంది ఎవరో చూడండి. నూటికి 74 మంది శ్వేతజాతి పిల్లలు. నల్లజాతివారు పన్నెండున్నర శాతం. లాటిన్ అమెరికా మూలాలున్నవారు తొమ్మిది శాతం. మిగిలింది అయిదు శాతం లోపు... అంటే ఇరవై మంది చిల్లర. చైనా, కొరియా, ఇండియా, అమెరికా మూలవాసుల తెగలు- అందరి పిల్లలూ ఆ గుప్పెడు మందిలోనే సర్దుకోవాలి. ఇరవై మందిని నాలుగు జట్లకు పంచితే జట్టుకు అయిదుగురు. అయిదుగురిని చూసి ఏం తేలుస్తారు?

ఒంట్లోనూ తేడాలున్నాయి

మనసు అందరికీ ఒకటే కదా, ఈ రంగుల లెక్క ఎందుకు అనిపించవచ్చు. నిజానికి జాతి అన్న మాట సైన్సులో చాలా మొరటు కొలత. ఒకే రంగున్న ఇద్దరి మధ్య బోలెడన్ని తేడాలుండొచ్చు. అయినా లెక్క చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి కార్బమజెపైన్ ఒక్కటి చాలు. మూర్ఛకూ బైపోలార్ జబ్బుకూ ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందు అది. కొందరికి మాత్రం చర్మం పొక్కిపోయి ఊడివచ్చేంత ప్రమాదకరమైన రియాక్షన్ వచ్చేది. ఎందుకో తెలిసేది కాదు. 2004లో తైవాన్ పరిశోధకులు గుట్టు విప్పారు. అలా రియాక్షన్ వచ్చిన 44 మందినీ పరీక్షిస్తే అందరిలోనూ ఒకే జన్యురూపం కనిపించింది. ఆసియా దేశాల్లో తరచుగా కనిపించే ఆ రూపం ఐరోపా సంతతిలో చాలా అరుదు. ఆసియా మూలాలున్నవారికి ముందు జన్యుపరీక్ష చేసి ఆ తర్వాతే మందు మొదలుపెట్టమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరిక జారీచేసింది. పరీక్షలన్నీ ఐరోపా సంతతి మీదే చేస్తూ కూర్చుంటే ఈ సంగతి ఎప్పటికి బయటపడేదో!

కుంగుబాటుకు వాడే సిటలోప్రామ్‌దీ కొంత అలాంటి కథే. దాన్ని అరిగించే కాలేయపు ఎంజైము కొందరిలో దాదాపు పనిచేయదు. అలాంటివాళ్లు ఐరోపా సంతతిలో నూటికి ఇద్దరు ముగ్గురైతే, తూర్పు ఆసియాలో దాదాపు పదిహేను మంది. మన దక్షిణాసియాలోనూ ఐరోపా కంటే ఎక్కువే. వారికి రోజుకు 20 మిల్లీగ్రాములు మించకూడదని ఆ మందు చీటీలోనే రాసి ఉంటుంది.

అందరినీ కలిపి సగటు తీస్తే జబ్బు రూపం కూడా దాక్కుంటుంది. అమెరికాలో పిల్లల ఆత్మహత్యలు శ్వేతజాతివారిలోనే ఎక్కువని చాలాకాలం అనుకున్నారు. 2018లో వయసులవారీగా విడదీసి చూస్తే తెల్లబోవడం పరిశోధకుల వంతైంది. 13-17 ఏళ్ల మధ్య నల్లజాతి పిల్లల్లో ఆ రేటు సగమే. కానీ 5-12 ఏళ్ల చిన్నారుల్లో దాదాపు రెట్టింపు!

సంతకం ఎవరు పెట్టారు?

మరి ఆ పిల్లల్ని పరీక్షల్లోకి పిలవొచ్చు కదా? ప్రభుత్వ నిధులతో జరిగే పరిశోధనల్లో మహిళలకూ మైనారిటీలకూ చోటివ్వాలని అమెరికాలో 1993లోనే చట్టం చేశారు. పిలిస్తే వచ్చేస్తారా? వారం వారం పెద్దాసుపత్రికి వెళ్లాలంటే తల్లి ఆ రోజు కూలి వదులుకోవాలి. ఫారాలు ఇంగ్లిషులో ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది, నమ్మకం.

అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకూ నాలుగువందల మంది సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషుల్ని వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చున్నారు ప్రభుత్వ వైద్యులు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పింది 1997లో. ఆ కథ తాతల నోట విన్న తల్లి, కొడుకును ‘మెదడు మీద పనిచేసే మందు’ పరీక్షకు పంపుతుందా?

మనకూ ఓ గాయం ఉంది. మానసిక ఆరోగ్యానికి సంబంధించినది కాకపోయినా, నమ్మకానికి సంబంధించినదే. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి అధ్యయనం చేశారు. వారిలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకం చాలా ఫారాల్లో హాస్టల్ వార్డెన్లూ హెడ్మాస్టర్లూ పెట్టారనీ తేలింది.

గడప దగ్గరికే వెళితే...

కొందరు దారి మార్చారు. పిల్లల్ని రమ్మనకుండా తామే వెళ్లారు. న్యూయార్క్‌లో లారా మఫ్సన్ బృందం స్కూళ్లలోని అయిదు క్లినిక్కుల్లోనే కౌన్సెలింగ్ పరీక్ష పెట్టింది. 2004లో ఫలితాలు వచ్చిన ఆ పరిశోధనలో పాల్గొన్న 63 మందిలో 71 శాతం లాటిన్ అమెరికా మూలాలున్నవారే. స్నేహాలూ ఇంట్లో గొడవలూ కేంద్రంగా సాగిన ఆ కౌన్సెలింగ్, మామూలుగా స్కూల్లో దొరికే సాయం కంటే బాగా పనిచేసింది. అంతకు ముందు 1999లో ప్యూర్టోరికోలో జానెట్ రొసెయో, గిల్యెర్మో బెర్నాల్ 71 మంది పిల్లలతో ఇలాంటిదే చేశారు. అక్కడ ఇల్లే లోకం. పెద్దల మాట కాదనడం చిన్న విషయం కాదు. (మనకు తెలియని సంగతా!) అందుకే ‘నీకేం కావాలో నువ్వే నిర్ణయించుకో’ అన్న అమెరికా బాణీని యథాతథంగా దించకుండా కుటుంబ బంధాల చుట్టూ మలిచారు. పరీక్షించిన రెండు రకాల కౌన్సెలింగూ ఫలితమిచ్చాయి.

మన దగ్గరా మొదలైంది. దిల్లీలోని ఆరు ప్రభుత్వ పాఠశాలల్లో సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ బృందం 251 మంది విద్యార్థులతో చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. కౌన్సెలింగ్ ఇచ్చింది సైకియాట్రిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు యువతీయువకులు. మూడు వారాల్లో నాలుగైదు సార్లు కూర్చుని, సమస్యేంటి, దారులేంటి, ఏది చేసి చూద్దాం అని హిందీలో మాట్లాడారు. బొమ్మల కథల పుస్తకాలూ ఇచ్చారు. ఆరు వారాల తర్వాత, పిల్లలు తమకు తాముగా చెప్పుకున్న సమస్యల బరువు తగ్గింది. విదేశాల్లో తయారైన ప్రామాణిక ప్రశ్నావళిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చికిత్సలో లోపమా, కొలబద్దలో లోపమా? చర్చ ఉండాల్సిందే. ‘టెన్షన్’ అన్న ఒక్క మాటలో పరీక్ష భయాన్నీ ప్రేమ గొడవనూ నాన్న తాగుడునూ కలిపి చెప్పే పిల్లల్ని ఏ ప్రశ్నావళి పట్టుకుంటుంది!

అమెరికాలో ఈ వ్యవహారం ఇప్పుడు ఒడుదొడుకుల్లో పడింది. కీలక పరీక్షలకు ముందు ఏ వర్గాల నుంచి ఎందరిని తీసుకుంటారో కంపెనీలు ప్రణాళిక ఇవ్వాలని 2022 డిసెంబరులో చట్టమైంది. 2024 జూన్‌లో ఎఫ్‌డీఏ ముసాయిదా మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 జనవరిలో ప్రభుత్వం మారగానే ఆ పేజీ వెబ్‌సైటు నుంచి మాయమైంది. కోర్టు ఆదేశిస్తే ఫిబ్రవరిలో తిరిగొచ్చింది.

ఇటు విజయవాడలో మరో ప్రయత్నం జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేపట్టిన ‘ఆర్టెమిస్’ పరిశోధనకు దిల్లీతో పాటు ఇక్కడి మురికివాడలనూ ఎంచుకున్నారు. పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల కోసం, మానసిక సమస్యంటే సిగ్గుపడక్కర్లేదని ముందు వాడవాడలా చెప్పారు. పిల్లల్ని పలకరించే పని ఏ విదేశీ నిపుణుడికో అప్పగించలేదు. ఆ వాడలకు అలవాటైన ఆశా కార్యకర్తల్నే ఇంటింటికీ పంపారు.