కిరణాలకు అడ్డుగోడ: ముగ్గురాయి, లేటెక్స్

రాజమండ్రి కేంద్రంగా ఓఎన్‌జీసీ కోనసీమలో తవ్వే గ్యాస్ బావులకూ, క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ గదికీ పనికొచ్చే రాయి ఒకటుంది. అది ముగ్గురాయి, అంటే బెరైటీస్. దేశంలో దొరికేదంతా దాదాపు ఆంధ్రప్రదేశ్‌దే. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో ఒకటి. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువుండే ఈ రాతిపొడిని కలిపిన బురద, బావిలో కిందినుంచి తన్నుకొచ్చే గ్యాస్‌ను తొక్కిపెడుతుంది. ఆ గ్యాస్ అదుపు తప్పితే ఏమవుతుందో 1995 జనవరిలో పాశర్లపూడి జనం కళ్లారా చూశారు. అక్కడి బావి 60 రోజులకు పైగా మండింది.

గామా కిరణాలను ఆపేదీ ఆ బరువే. మామూలు కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2,400 కిలోలు తూగుతుంది. కంకర బదులు ముగ్గురాయి వేస్తే 3,500 కిలోల దాకా వెళ్తుంది. కోబాల్ట్-60 కిరణాల తీవ్రత మామూలు కాంక్రీటులో సుమారు ప్రతి 6 సెంటీమీటర్లకూ సగమవుతుంది. అలా పది సార్లు సగమయ్యేసరికి, అంటే 60 సెంటీమీటర్లు దాటేసరికి, మిగిలేది దాదాపు వెయ్యో వంతే. బరువు కాంక్రీటయితే గోడ ఇంకా సన్నబడుతుంది. స్థలం ఇరుకైన ఊళ్లో ఆసుపత్రికి ఆ మిగిలే జాగా ఎంతో విలువైనది.

న్యూట్రాన్ దగ్గరికి వచ్చేసరికి బరువొక్కటే చాలదు. బరువైన కేంద్రకాన్ని ఢీకొంటే అది తన శక్తి పెద్దగా పోగొట్టుకోకుండా దారి మళ్లుతుందంతే. దాదాపు తనంత బరువే ఉన్న హైడ్రోజన్‌ను ఢీకొంటే మాత్రం, గోలీ గోలీని కొట్టినట్టు, నేరుగా తగిలితే వేగమంతా ఇచ్చేయగలదు. 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ నెమ్మదించడానికి హైడ్రోజన్‌తో సగటున 18 తాకిళ్లు చాలు. కార్బన్‌తో 100కు పైగా, యురేనియంతో 2,000కు పైగా కావాలి.

పాలిమర్ కథలోకి వచ్చేది ఇక్కడే. బాత్‌రూమ్ లీకేజీలకూ, పెచ్చులూడిన స్లాబులకూ మేస్త్రీలు సిమెంటులో కలిపే తెల్లటి ఎస్‌బీఆర్ లేటెక్స్ ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్‌ల గొలుసులే. సిమెంటు బరువులో 10 నుంచి 20 శాతం పాలిమర్ ఉండేలా కలిపితే, అది ఆరేకొద్దీ లోపలి సన్నటి రంధ్రాల మీదుగా పొరలా పరుచుకుంటుంది. పగుళ్లు తగ్గుతాయి, ఉప్పునీరు లోపలి ఇనుము దాకా చేరడం కష్టమవుతుంది. ఉప్పాడ, అంతర్వేది లాంటి తీరపు ఊళ్లలో కట్టే ఏ గోడకైనా ఇది పెద్ద లాభం. అయితే లేటెక్స్ ఒక్కటే న్యూట్రాన్లను ఆపేస్తుందని నేననను. కాంక్రీటులోని హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సిమెంటు పట్టుకున్న నీళ్లదే. పాలిమర్ దానికి కొంత జోడిస్తుంది, గోడను బిగువుగా ఉంచుతుంది.

క్యూరింగ్ పద్ధతి కూడా వేరు. మామూలు కాంక్రీటును రోజుల తరబడి తడుపుతాం. లేటెక్స్ కలిపినదాన్ని ఒకటి రెండు రోజులు తడిగా ఉంచి, తర్వాత ఆరనివ్వాలి. లేకపోతే ఆ పొర సరిగ్గా కట్టదు.

వేడి దీనికి పడదు. ఎక్కువ రేడియేషన్ తగిలితే పాలిమర్ గొలుసులే తెగిపోతాయి. కాబట్టి రియాక్టరు గుండె పక్కన కాదు, దానికి దూరంగా ఉండే గోడలకూ మరమ్మతులకూ ఇది నప్పుతుంది.

క్యాన్సర్ చికిత్సకు వాడే లీనియర్ యాక్సిలరేటర్లు 10 మెగావోల్టులు దాటితే న్యూట్రాన్లు కూడా పుడతాయి. అందుకే అలాంటి గది తలుపులో సీసంతోపాటు బోరాన్ కలిపిన పాలిథీన్ పొర పెడతారు. హైడ్రోజన్ నెమ్మదింపజేసిన న్యూట్రాన్‌ను బోరాన్ మింగేస్తుంది. ఇలాంటి గది కట్టేముందు దాని నమూనాకు అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదం తప్పనిసరి. ఆ మండలి ఏర్పడింది 1983లో.

మళ్లీ బావి దగ్గరికి. కేసింగ్ పైపు చుట్టూ పోసిన సిమెంటు గట్టిపడేలోగా గ్యాస్ అందులోంచి దారి చేసుకుంటుంది. దాన్ని ఆపడానికి చమురు పరిశ్రమ సిమెంటులో కలిపేదీ లేటెక్సే.

బావిలోకి పరికరాలు దింపి రాళ్లను కొలిచే లాగింగ్ ఇంజనీర్లు అందులోకి అమెరీషియం-బెరీలియం న్యూట్రాన్ మూలాన్ని దింపుతారు. రాతి రంధ్రాల్లోని నీరు, చమురుల్లో ఉన్న హైడ్రోజన్ ఆ న్యూట్రాన్లను ఎంతగా నెమ్మదింపజేసిందో చూసి, రాయి ఎంత గుల్లగా ఉందో లెక్కగడతారు. ఆసుపత్రి తలుపులో కాపలా కాసే సూత్రమే ఇక్కడ కొలబద్ద అవుతుంది. ముగ్గురాయి మాత్రం ఇక్కడ చిక్కు తెచ్చిపెడుతుంది. బురదలోని ఆ పొడి, మరో లాగ్ కోసం పంపే గామా కిరణాలను మింగేసి, రాతి రకాన్ని చెప్పే లాగ్ గీతను పనికిరాకుండా చేస్తుంది. అప్పుడు ఆ గీతను పక్కనపెట్టి, మిగతా లాగ్‌లతో రాయిని గుర్తుపట్టాల్సి వస్తుంది.