తేడా చెప్పే తీగలు

పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండ చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ పెట్టిన చోట, అది ఒక గట్టున ఉంటుంది. మోటార్లను నడిపే ప్యానెల్ ఎక్కడో షెడ్డులో ఉంటుంది. రెండింటికీ మధ్య ఓ పొడవాటి కేబులు. ఉరుముల వాన వెలిసిన మర్నాడు అది మూగబోయిందంటే, బోర్డు విప్పిన మెకానిక్‌కు మొదట అనుమానం వచ్చేది ఎనిమిది కాళ్ల చిన్న ఐసీ మీదే. దాన్ని పీకి కొత్తది పెడతాడు. ఒక్కోసారి వారం తిరక్కుండానే అదీ పోతుంది.

ఆ ఐసీ చేసే పని టెలిఫోను తొలినాళ్లలో పుట్టింది. 1876లో టెలిఫోనుకు పేటెంటు వచ్చినప్పుడు, టెలిగ్రాఫు పద్ధతిలోనే ఒక్క తీగ లాగి, తిరుగుదారిగా భూమినే వాడుకునేవారు. పక్కనున్న టెలిగ్రాఫు తీగల టకటకలన్నీ ఫోనులో వినబడేవి. 1881లో గ్రాహంబెల్ భూమిని వదిలేసి రెండు తీగలు వేశాడు, వాటిని ఒకదానితో ఒకటి మెలిపెట్టాడు. బయటి రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది. వినే పరికరం ఆ రెండింటి మధ్య తేడానే చూస్తుంది కాబట్టి, రెండింటిలోనూ ఉన్న రొద దానికి తెలియనే తెలియదు.

గోదావరిలో పక్కపక్కన కట్టిన రెండు పడవలను తలచుకోండి. వరద వస్తే రెండూ ఒకేసారి లేస్తాయి. ఒక పడవలోంచి చూసేవాడికి రెండోదాని ఎత్తులో ఏమీ మారినట్టుండదు.

1983లో అమెరికాలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం ఈ సూత్రానికి ఆర్‌ఎస్-485 అనే ప్రమాణం రాసింది; మన ఎనిమిది కాళ్ల ఐసీ పాటించేది దీన్నే. ఒకే జంట తీగల మీద 32 పరికరాలు, తక్కువ వేగంలో సుమారు 1200 మీటర్ల దూరం. పంపేవాడు రెండు తీగల మధ్య కనీసం 1.5 వోల్టుల తేడా చూపాలి, వినేవాడికి 0.2 వోల్టులు అందినా చాలు. దారిలో కొంత నీరసించినా మాట చేరుతుందన్నమాట. కరెంటు మీటర్లలో, సోలార్ ఇన్వర్టర్లలో ఇప్పటికీ ఇదే. బోర్డుల మీద ఇంకా వేగంగా పరిగెత్తే ఎల్‌వీడీఎస్ దీని తమ్ముడు: 3.5 మిల్లీ ఆంపియర్లను 100 ఓముల గుండా పంపి, 0.35 వోల్టుల తేడాతోనే పని కానిస్తుంది.

  

ఇంతకీ ఐసీ ఎందుకు చస్తోంది? వరదకూ ఓ హద్దుంది. తీగలు రెండూ కలిసి వినేవాడి గ్రౌండు కంటే 12 వోల్టులు పైకి, 7 వోల్టులు కిందికి కదిలినా ప్రమాణం ఒప్పుకుంటుంది. అది దాటితే గట్టు తెగినట్టే. షెడ్డుకో ఎర్తింగు, చెరువు గట్టుకో ఎర్తింగు ఉన్నప్పుడు, దగ్గర్లో పిడుగు పడితే ఆ రెండు నేలల మధ్య క్షణంపాటు వేల వోల్టులు లేవొచ్చు. అప్పుడు జంట తీగలు మాత్రమే ఉండి, గ్రౌండులను కలిపే మూడో తీగ గానీ, రెండువైపులనూ విడదీసే ఐసొలేటర్ గానీ, సర్జ్‌ను మింగే డయోడ్ గానీ లేకపోతే దెబ్బంతా ఐసీ కాళ్ల మీదే పడుతుంది.

అసలు చావకుండానే నిందపడే ఐసీలూ తక్కువేమీ కాదు. మాట్లాడమని అనుమతిచ్చే కాలు ఒకటుంటుంది. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక అక్షరం వెళ్లడానికి దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది. ప్రోగ్రాము తొందరపడి ఆ అనుమతిని ముందే తీసేస్తే చివరి అక్షరం తెగిపోతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా గందరగోళమే. ఐసీ కాగి తనంతట తాను ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ లేస్తుంది. పేర్ల పేచీ మరొకటి: ప్రమాణం 'ఏ' అన్న తీగను చాలా ఐసీ కంపెనీలు 'బీ' అంటాయి. తీగలు తారుమారు చేస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా లైను పలుకుతుంది.

అందుకే అనుభవమున్న మెకానిక్ సోల్డరింగ్ ఐరన్ కంటే ముందు మల్టీమీటర్ తీస్తాడు. కరెంటు ఆపి రెండు తీగల మధ్య కొలుస్తాడు. రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్లుంటే సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు. 40 వస్తే మధ్యలో ఎవరో మూడోది తగిలించారు. సున్నాకు దగ్గరగా ఉంటే కేబులు షార్టయినా అయ్యుండాలి, ఐసీ అయినా కాలిపోయి ఉండాలి. ఐసీని బోర్డు మీంచి తీసి మళ్లీ కొలిస్తే ఏదో తేలిపోతుంది. ఆ తర్వాత కరెంటు ఇచ్చి, షెడ్డు గ్రౌండుకూ గట్టు మీది గ్రౌండుకూ మధ్య ఎన్ని వోల్టులున్నాయో చూస్తాడు. మోటార్లన్నీ తిరుగుతుండగా ఒకసారి, ఆపాక ఇంకోసారి.