అంటోనీ పలికిన యొక విశేషణము

మన యెఱ్ఱమంజిలు పేరు వినఁగానే తెలుఁగువారికి ఎఱ్ఱమట్టి స్ఫురించును. అందులకుఁ గారణమును గలదు. 1870 ప్రాంతమున నవాబు ఫక్రుల్ ముల్కు తన సౌధమును గట్టించిన మెట్టకు ఎఱ్ఱగడ్డ యనియే పేరు. కాని యాతఁడు సౌధమునకుఁ బెట్టిన పేరు ఇరం మంజిల్. ఇరమనఁగాఁ బారసీక కవులు వర్ణించిన స్వర్గతుల్యమైన యుద్యానము. ధ్వని యించుమించుగా నొక్కటే. చెవిని బట్టి యర్థము వేఱు. ఇందువలన నెవరికిని గీడు లేదు. ఒక్కటే విశేషణము, ఒక్క యక్షరమైన మాఱకుండ, వినువారి చెవులలో మాత్రము తలక్రిందులై, వారిచేత నగరమున నిప్పు పెట్టించిన ఘట్టము వేఱొకటి కలదు. అది షేక్స్పియరు మహాకవి 1599 ప్రాంతమున రచించిన ‘జూలియస్ సీజరు’ అను విషాదాంత నాటకమున మూఁడవ యంకములోని యంటోనీ ప్రసంగము. దానిని కంఠస్థము చేసిన విద్యార్థులు పెక్కండ్రు. అందలి మాటల పనితనమును విచారించినవారు కొందఱే.

క్రీ.పూ. 44వ సంవత్సరము మార్చి 15వ తేదీన సీజరు చంపఁబడెను. హంతలలో ముఖ్యుఁడైన బ్రూటసు, సీజరునకు మిత్రుఁడగు అంటోనీకి శవమునొద్ద మాటాడుట కనుమతి నిచ్చెను. అయితే కొన్ని నిబంధనలు విధించెను. అతఁడు తన తరువాతనే మాటాడవలెను. సీజరును దగినట్లు పొగడవచ్చును. తమను మాత్రము నిందింపరాదు. ప్రసంగమందలి చమత్కారమంతయు నీ కడపటి నిబంధననుండియే పుట్టినది. నిందింపఁగూడదన్నవానికి మిగిలిన యాయుధము పొగడ్తయే గదా!

బ్రూటసు వచనమున మాటాడును. ఆతని వాక్యములు త్రాసుతట్టలవలె రెండు ప్రక్కల సమముగా తూఁగుచుండును. ఒక ప్రక్క సీజరుపై ప్రేమ, ఒక ప్రక్క రోముపై ప్రేమ. తర్కము శుద్ధమైనదే. కాని సీజరు దురాశాపరుఁడనుటకు ఒక్క నిదర్శనమైనఁ జూపఁడు. జనులు జేజేలు కొట్టుదురు. అందొకఁడు బ్రూటసునే సీజరును జేయుఁడని కేక వేయును. సీజరు వంటివాఁ డుండరాదని చంపినవానికి లభించిన బహుమానమిది! ఆ మూఢ ప్రశంసను విని బ్రూటసు బెదరక పోవుటయే యాతని దురదృష్టము.

అంటోనీ పద్యమునకు వచ్చును. బ్రూటసు సంబోధించునపుడు రోమనులను ముందును, ప్రియులను వెనుకను నిలిపెను; అంటోనీ మిత్రులను ముందు నిలిపెను. పిదప మన విశేషణమును దీసికొనును: బ్రూటసు గౌరవనీయుఁడు. మొదటిసారి యీ మాట నిర్మలమైనది. అపుడే బ్రూటసునకు జేజేలు కొట్టిన జనమునకుఁ దమ మాటనే తమకు వినిపించినట్లుండెను. తరువాత మూఁడు సంగతులు చెప్పును. సీజరు తెచ్చిన బందీల విడుదలధనము ప్రజల బొక్కసమును జేరెను. బీదలు మొఱపెట్టఁగా సీజరు కన్నీరు విడిచెను. లూపర్కలు పండుగనాఁడు తాను మూఁడుమాఱు లర్పించిన కిరీటమును మూఁడుమాఱులును ద్రోసివేసెను. ఈ సంగతుల నడుమ మరల మరల నదే మాట. బ్రూటసు చెప్పినది కల్ల యని యెచ్చటను అనఁడు. సంగతి యొక ప్రక్క, విశేషణ మొక ప్రక్క నుంచి, రెంటికిని నడుమ నుండవలసిన సిద్ధాంతమును వినువారికే విడిచిపెట్టును. కిరీటపు సంగతి పిమ్మట ‘నిశ్చయముగా’ అని యొక్క ముక్క చేర్చును. ఎవరైనను నిశ్చయముగా మంచివాఁడని నొక్కి చెప్పినపుడే గదా మనకు సందేహము పుట్టును!

మన యాలంకారికులు దీనిని వ్యాజస్తుతి యందురు. పైకి స్తుతి, లోపల నింద. కంఠస్వరముచే నర్థమును మార్చుటను కాకువనిరి. కాని సామాన్యముగా వ్యాజస్తుతి వినిన రసికుఁడు ఆరంభముననే మర్మము గ్రహించును. ఇచ్చట స్తుతి స్తుతిగానే మొదలై మెల్లమెల్లఁగా విషమగుచున్నది. తుద కా విశేషణమును ఎత్తిపొడుపుగా మార్చి, హంతలను ద్రోహులని మొదట పిలిచినది అంటోనీ కాదు, జనములోని యొకఁడు. ద్రోహమను మాటను అంటోనీ ఆ తరువాతనే వాడును.

ఈ నాటకమును వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1870ల దశాబ్దముననే ‘సీజరు చరిత్రము’గాఁ దెలిఁగించిరి. ఈ విశేషణమునకుఁ దెలుఁగున ఏ మాట తగునని విద్యార్థులు విచారించిన నుపయోగము కలదు. ‘పెద్దమనిషి’ యందమా? అది మన వాడుకలో నిదివఱకే వంగిన మాట. ‘ఆయన గొప్ప పెద్దమనిషి లెండి’ యన్నచో ఇఁక చెప్పవలసిన దేమియు లేదు. అంటోనీ గుట్టు తొలిసారియే బయటపడును. కావున సభల యాహ్వానపత్రములలో నుండు ‘గౌరవనీయుఁడు’ అను చప్పని మాటయే మేలని నాకుఁ దోఁచుచున్నది. చప్పనిది గావుననే ఏ రుచి చేర్చిన నా రుచి పట్టును. మన రంగస్థలమునఁ బద్యమును రాగము తీసి పాడుట కలదు గాని, ఈ మాటపై రాగము తీసినచో పని చెడును. దానిని ఊరక వదలివేయవలెను.

మఱియొక చోటఁ దెలుఁగున కింగ్లీషుకంటె సౌకర్యము కలదు. సీజరు కూలినపుడు తానును, వినువారును, అందఱును గూలినట్లు అంటోనీ వేఱువేఱుగా నెన్ని చెప్పును. ఇంగ్లీషున ‘మేము’, ‘మనము’ అను భేదము లేదు గావున అట్లు లెక్కింపవలసి వచ్చెను. మనకు ‘మనము’ అను నొక్క మాట చాలును. బ్రూటసు ప్రసంగమంతయు ‘నేను, మీరు’. అంటోనీది ఈ చోట ‘మనము’. జనులు కన్నీరు పెట్టుకొనిన దిచ్చటనే.

రక్తసిక్తమైన యుత్తరీయమును జూపుట, మరణశాసనమును జదువనని యూరించి పిదపఁ జదువుట, పౌరునికి 75 ద్రాక్మల చొప్పున దానము, టైబరు నదీతీరమునందలి తోఁటలు, ఇవి యెల్లరు నెఱిఁగినవే.

తరువాతి రంగము మిక్కిలి చిన్నది. పలుమారు ప్రదర్శకులు దానిని వదలివేయుదురు. వదలరాదు. సిన్నా యను కవి త్రోవను బోవుచుండఁగా జనులు చుట్టుముట్టి పేరడుగుదురు. హంతలలోను ఒక సిన్నా కలఁడు. నేను కవిని, ఆ సిన్నాను గానని యాతఁడు మొఱపెట్టును. పేరు చాలునని వారాతనిని ముక్కలు చేయుదురు. ప్లూటార్కు చరిత్రమునను ఈ వృత్తాంతము కలదు. అంటోనీ యీ రంగమున లేఁడు.