బోధనాసుపత్రి – అపోహలు, వాస్తవాలు

ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జబ్బు ముదిరితే విశాఖ కేజీహెచ్‌యే దిక్కు. 1923లో అక్కడ వైద్య కళాశాల మొదలైంది. శ్రీకాకుళంలో 2008లో వైద్య కళాశాల వచ్చాక జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. జనం నోట నేటికీ అది రిమ్సే. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది.

"అక్కడ విద్యార్థులు మన మీద నేర్చుకుంటారట" అని మనవాళ్లు కొందరు వెనుకాడటం చూస్తున్నాం. ఇది అపోహ. విద్యార్థి ప్రశ్నలడిగి పరీక్షించినా, చికిత్స నిర్ణయించేది సీనియర్ వైద్యులే. హౌస్ సర్జన్లు, పీజీ వైద్యులు వంతులవారీగా రాత్రింబవళ్లు డ్యూటీలో ఉంటారు. అర్ధరాత్రి పురిటినొప్పులొచ్చినా, పాము కరిచినా చూసేవారుంటారన్న ధైర్యం అందుకే.

పరదా పాటించే మన అక్కచెల్లెళ్లు లేడీ డాక్టరు కావాలని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. విజయనగరం ఘోషా ఆసుపత్రి పేరులోని 'ఘోషా' అంటే పరదాయే కదా!

వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డులు, పాత చీటీలు తీసుకెళ్లండి.

మందులు ఆసుపత్రి ఇస్తుంది. రక్తం మాత్రం మనిషే ఇవ్వాలి. కులం, మతం అడగని ఆ దానానికి మన యువకులు ముందుకు రావాలని కోరుతున్నాం.