అందరు కలిసి గీయు పటము

తరగతి గోడపై వ్రేలాడు పటమును ఒకసారి చూడుడు. అచ్చయిన నాటికి అది సరియైనదే కావచ్చును. తరువాత ఏటిపై క్రొత్త వంతెన వచ్చినది. ఊరి వెలుపల క్రొత్త రోడ్డు పడినది. ఆ సంగతి పటమునకు తెలియదు. మరల అచ్చు వేయువరకు తప్పు తప్పుగనే యుండును. చూచువారే పటమును దిద్దగలిగినచో ఎంత బాగుండును!

ఇట్టి ఆలోచన ఫలితమే 'ఓపెన్ స్ట్రీట్ మ్యాప్'. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ దీనిని ప్రారంభించెను. ఆనాడు ఆ దేశపు ప్రభుత్వ సర్వే సమాచారమును అందరును ఉచితముగ వాడుకొనుటకు వీలులేకుండెను. నేడు ఇంటర్నెట్టు ఉన్నవారెవరైనను ఈ పటములో చేర్పులు, దిద్దుబాట్లు చేయవచ్చును.

ఈ పటము మూలమున బొమ్మ కాదు, అంకెల పట్టిక. ఊరిలోని బావి ఒక బిందువు. దానికి అక్షాంశము, రేఖాంశము ఉండును. కొన్ని బిందువులను వరుసగ కలిపిన అది రోడ్డగును; మొదటి బిందువునకే తిరిగి వచ్చిన చెరువు గట్టగును. ఇది ఏమి, దీని పేరేమి అని తెలుపు చీటీలు ప్రతిదానికిని తగిలించెదరు. తెలుగు పేరునకు ప్రత్యేకముగ ఒక చీటీ కలదు.

అక్షాంశమును దశాంశ బిందువు తరువాత ఏడు స్థానముల వరకు వ్రాసెదరు. ఒక డిగ్రీ అక్షాంశము సుమారు 111 కిలోమీటర్లు గనుక, ఏడవ స్థానము ఇంచుమించు 1.1 సెంటీమీటరు. అయితే చేతిలోని ఫోను చూపు స్థానములోనే కొన్ని మీటర్ల తేడా రావచ్చును. అంకెలు ఎక్కువైనంతమాత్రమున కొలత సరియైనది కాదని విద్యార్థులు గ్రహింపవలెను.

ఇక పంచుకొనుట ఎట్లు? తెరపై ప్రపంచమంతయు మొదట ఒక్క చదరపు పలకగ ఉండును. ఒక మెట్టు దగ్గరకు పోయిన అది నాలుగు పలకలగును. ఇంకొక మెట్టునకు పదునారు. పదవ మెట్టున 10,48,576 పలకలు! మనము చూచు భాగమునకు కావలసిన పలకలు మాత్రమే వచ్చును. కావున మిత్రునికి బొమ్మను పంపనక్కరలేదు. మెట్టు సంఖ్య, అక్షాంశము, రేఖాంశము అను మూడు అంకెలు గల లింకు చాలును. అతనికిని అదే చోటు కనబడును.

ఇద్దరు ఒకే రోడ్డును ఒకేసారి దిద్దిన ఏమగును? ప్రతి వస్తువునకు కూర్పు సంఖ్య ఉండును. ఇద్దరును మూడవ కూర్పును తీసికొనిరనుకొనుడు. మొదటివాడు తన మార్పును దాచగనే అది నాలుగవ కూర్పగును. రెండవవాడు పంపినది మూడవ దానిపై చేసిన మార్పు గనుక కంప్యూటరు దానిని అంగీకరింపదు. అతడు రెండింటిని పోల్చిచూచి సరిచేయవలెను. పాత కూర్పులన్నియు నిలిచియుండును గనుక, ఎవరైన పటమును చెడగొట్టినను పూర్వస్థితికి తేవచ్చును.

2010 జనవరి 12న హైతీ దేశములో పెనుభూకంపము వచ్చినది. రాజధాని పోర్టో ప్రిన్స్‌లోని వీధులు పెక్కు అప్పటికి ఈ పటములో లేవు. నానాదేశముల స్వచ్ఛంద సేవకులు ఉపగ్రహ చిత్రములను చూచి, కొలది దినములలోనే వీధులను, కూలిన భవనములను, నిరాశ్రయుల శిబిరములను గుర్తించిరి. సహాయక దళములు ఆ పటమును వెంట తీసికొని పోయినవి.

తప్పుగ గీసిన ఒక వంతెన ఇట్టి సమయమున ప్రాణములకే ముప్పు తేగలదు. కావున చూడనిదానిని గీయరాదు. ఇతరుల పటములనుండి అనుమతి లేక ఎక్కింపరాదు. ఉపాధ్యాయులు విద్యార్థులను వెంటబెట్టుకొని తమ ఊరిలోని బడి, బావి, ఆసుపత్రి, వంతెన ఈ పటములో సరిగా ఉన్నవో లేవో నడిచి చూడవచ్చును. లేనిదానిని చేర్చిననాడు భూగోళశాస్త్రము గోడ దిగి వీధిలోనికి వచ్చినట్లే.