ముప్పై ఏళ్లు దాటాక కర్బన రసాయనం

మన దగ్గర డాక్టరు కావాలనుకున్న పిల్లలు పదో తరగతి పూర్తి కాగానే ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకుంటారు. నీట్ పరీక్ష రాస్తారు. సీటు వస్తే పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్లకల్లా మెడికల్ కాలేజీలో ఉంటారు. అమెరికాలో దారి వేరు. అక్కడ సాధారణంగా ముందు నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చెయ్యాలి. ఆ డిగ్రీ చరిత్రలోనైనా, సంగీతంలోనైనా అభ్యంతరం లేదు. అయితే దానితోపాటు జీవశాస్త్రం, భౌతిక శాస్త్రం, సాధారణ రసాయనం, కర్బన రసాయనం ప్రయోగశాల పనితో సహా చదివి ఉండాలని చాలా మెడికల్ కాలేజీలు నియమం పెట్టుకున్నాయి. ఆ పైన ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. డాక్టరీకి ముందు చదివే ఈ చదువుకే ప్రీమెడికల్ అని పేరు.

ఈ పద్ధతిలో ఖర్చూ ఎక్కువే, కాలమూ ఎక్కువే. కాని ఒక మేలు ఉంది. డిగ్రీ పుచ్చుకుని ఏదో ఉద్యోగంలో కుదురుకున్న మనిషికి ముప్పయ్యో ఏట, నలభయ్యో ఏట డాక్టరు కావాలని బుద్ధి పుడితే తలుపులు మూసి ఉండవు. బడిపంతుళ్లు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు, నర్సులు, పిల్లల తల్లులు ఇలా వస్తుంటారు. తక్కువైన సైన్సు పాఠాలు మాత్రం మళ్లీ కూర్చుని చదువుకోవాలి. ఇలాంటివారి కోసం న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం 1955లోనే ప్రత్యేకంగా ఒక కోర్సు పెట్టింది. మన దేశంలోనూ నీట్‌కు ఉన్న గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు కనుక ఈ సంగతి మనకు మరీ పరాయిది కాదు.

ఆలస్యంగా వచ్చిన ఈ విద్యార్థులను ఏ పాఠం ఎక్కువ భయపెడుతుందని అడిగి చూడండి. చాలామంది ఒకటే పేరు చెబుతారు. కర్బన రసాయనం!

ఎందుకంత భయం?

పగలంతా ఆసుపత్రిలో పనిచేసి సాయంత్రం క్లాసుకు వచ్చే ముప్పయిరెండేళ్ల నర్సును ఊహించుకోండి. ఆమె చివరిసారి రసాయన సమీకరణం రాసి పదేళ్లు దాటింది. జీతంలోంచి మిగిల్చి ఫీజు కట్టింది. ఇంట్లో పిల్లవాడికి జ్వరం వస్తే ఆ రోజు క్లాసు పోతుంది. పక్క బల్ల మీద కూర్చున్న ఇరవయ్యేళ్ల కుర్రవాడికి ఇదొక్కటే పని. ఇద్దరికీ ఒకటే ప్రశ్నపత్రం. ఇందులో వచ్చే గ్రేడు ఎన్నాళ్లయినా చెరగదు. మెడికల్ కాలేజీ ఎంపిక సంఘం దాన్ని తప్పక చూస్తుంది. ఈ ఒక్క పాఠంలో జారిపడితే డాక్టరీ ఆశ కూడా జారిపోవచ్చు.

కుర్రవాళ్లకు మాత్రం తేలికా అంటే అదీ కాదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 2022లో దాదాపు 350 మంది ఉన్న కర్బన రసాయనం తరగతిలో 82 మంది, కోర్సు మరీ కఠినంగా ఉందని అర్జీ పెట్టారు. విశ్వవిద్యాలయం ఆ పాఠం చెప్పే పెద్ద వయసు ప్రొఫెసరును మళ్లీ నియమించలేదు. ఆయన ఆ విషయం మీద ప్రసిద్ధ పాఠ్యపుస్తకం రాసినవారు. తప్పు పాఠంలో ఉందా, చదివే పద్ధతిలో ఉందా అని దేశమంతా వాదించుకుంది.

నా దృష్టిలో చిక్కు ఎక్కువగా చదివే పద్ధతిలోనే ఉంది. కర్బన రసాయనంలో చర్యలు వందల కొద్దీ ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎక్కంలా బట్టీ పట్టబోతే బుర్ర చాలదు. మరి తెలుగు చదవడం మీరెలా నేర్చుకున్నారు? ప్రతి మాటనూ కంఠస్థం చేశారా? లేదు. అక్షరాలూ గుణింతాలూ వచ్చాయి, ఆ తరువాత ఎన్నడూ చూడని మాటను కూడా గడగడా చదివేశారు. కర్బన రసాయనానికీ గుణింతాలు ఉన్నాయి. వాటినే ప్రమేయ సమూహాలు అంటారు. అణువు ఎంత పెద్దదైనా కానివ్వండి, దాని మీద హైడ్రాక్సిల్ సమూహం ఉంటే అది ఒక తీరుగా ప్రవర్తిస్తుంది. కార్బాక్సిల్ సమూహం ఉంటే మరో తీరు. అమైనో సమూహం ఉంటే ఇంకో తీరు.

వీటన్నిటి వెనుకా ఉన్న సూత్రం ఒక్కటే. ఎలక్ట్రానులు ఎక్కువగా ఉన్న చోటు, తక్కువగా ఉన్న చోటును వెతుక్కుంటుంది. ఎలక్ట్రాను జంట ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో చూపడానికి వంపు తిరిగిన బాణం గీస్తారు. ఈ బాణాలను ఇంగ్లండులో రాబర్ట్ రాబిన్సన్ 1922 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చాడు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, అది వేరే పరిశోధనలకు. బాణం గీయడం చేతికి వచ్చిందా, సగం పాఠం వచ్చినట్టే.

ఆస్పిరిన్ సీసాలో పుల్లని వాసన

ఒక ఉదాహరణ తీసుకుందాం. శాలిసిలిక్ ఆమ్లం అణువు మీద ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉంటుంది. అందులోని ఆక్సిజన్ దగ్గర బంధంలో చిక్కుకోని ఎలక్ట్రాను జంటలు ఉన్నాయి. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అనే మరో పదార్థంలో ఒక కర్బన పరమాణువు చుట్టూ ఆక్సిజన్లు చేరి దాని ఎలక్ట్రానులను తమవైపు లాక్కుంటాయి. ఆ కర్బనం ఎలక్ట్రానుల కోసం ఆవురావురుమంటూ ఉంటుంది. రెండింటినీ కొంచెం ఆమ్లంతో కలిపి వేడిచేస్తే మొదటిదాని ఆక్సిజన్ రెండోదాని కర్బనం మీద పడుతుంది. ఎసిటైల్ సమూహం చేతులు మారుతుంది. అదే ఆస్పిరిన్. 1897లో జర్మనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దీన్ని శుద్ధంగా తయారు చేశాడు. అమెరికా కాలేజీ ప్రయోగశాలల్లో ఈనాటికీ విద్యార్థులు దీన్ని తమ చేతులతో చేస్తారు.

చెమ్మ తగిలిన పాత ఆస్పిరిన్ సీసా మూత తీస్తే వెనిగర్ వాసన వస్తుంది. గాలిలోని నీటి అణువులోనూ ఆక్సిజన్ ఉంది కదా! అది వెళ్లి అదే కర్బనం మీద పడింది. ఎసిటైల్ సమూహం ఊడి ఎసిటిక్ ఆమ్లంగా బయటికి వచ్చింది. వెనిగర్‌లో ఉండేది ఆ ఆమ్లమే. వాసన చూడండి గాని మాత్ర నోట్లో వేసుకోకండి. పిల్లలకు, అందులోనూ వైరస్ జ్వరాలలో, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. అరుదుగానైనా రై సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇక అసలు తమాషా మన ఒంట్లో జరుగుతుంది. నొప్పిని, వాపును, రక్తం గడ్డకట్టడాన్ని ప్రేరేపించే పదార్థాలను తయారుచేయడానికి శరీరంలో సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైము ఉంది. దానిలో ఒకచోట సెరీన్ అనే ఎమైనో ఆమ్లం మీద హైడ్రాక్సిల్ సమూహం ఉంటుంది. చూశారా, మళ్లీ హైడ్రాక్సిల్! ఆస్పిరిన్ మోసుకొచ్చిన ఎసిటైల్ సమూహాన్ని ఇది లాక్కుంటుంది. ఆ సమూహం ఎంజైము గొంతులో ఎముకలా అడ్డంపడి పని ఆపేస్తుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు కనుక అవి కొత్త ఎంజైమును తయారు చేసుకోలేవు. అవి బతికే 8, 10 రోజులూ పని ఆగినట్టే. గుండెపోటు వచ్చినవారికి డాక్టర్లు రోజుకొక చిన్న ఆస్పిరిన్ మాత్ర రాసేది ఇందుకే. ఆస్పిరిన్ ఆ పదార్థాల తయారీని అడ్డుకుంటుందని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. 1982లో నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నాడు.

గాజు కుప్పెలో గీసిన బాణమే గుండె రోగి రక్తంలోనూ గీయవచ్చు. ఇక్కడే మన ముప్పయిరెండేళ్ల నర్సుకు ఒక వీలు దొరుకుతుంది. ఆమె ఆ మాత్రను వందలమందికి చేత్తో ఇచ్చింది. ఇరవయ్యేళ్ల కుర్రవాడికి అది పుస్తకంలో బొమ్మ, ఆమెకు మూడో నంబరు మంచం మీది ముసలాయన. చదువుకునే గంటలు ఆమెకు తక్కువే. ఆ కాసిని గంటలూ పుస్తకం తిరగేస్తూ కూర్చోకుండా కాగితం మీద అణువులు గీస్తే, చూడకుండా మళ్లీ గీస్తే పాఠం వశమవుతుంది. రాత్రి పది పేజీలు చదవడం కంటే పది చర్యలు గీయడం మేలు. ఈ మాట మీకూ వర్తిస్తుంది.

ఈనెపుల్లలతో ఒక పని

కర్బనానికి నాలుగు బంధాలు. అవి కాగితం మీద గీసినట్టు చదునుగా ఉండవు, నాలుగు మూలలకూ సమానంగా చాచి ఉంటాయి. బంకమట్టి ఉండ ఒకటి చేసి నాలుగు ఈనెపుల్లలు అలా గుచ్చండి. చివర్లకు నాలుగు రంగుల మట్టి ఉండలు పెట్టండి. అద్దం ముందు పెట్టి, అద్దంలో కనిపించేదానిలాగే రెండోది చెయ్యండి. ఇప్పుడు ఒకదానితో ఒకటి రంగుకు రంగు సరిపోయేలా కలపడానికి ప్రయత్నించండి. ఎన్ని విధాల తిప్పినా కలవవు. కుడి చేతి తొడుగు ఎడమ చేతికి సరిపోనట్టే. మందులలో ఇలాంటి కుడి, ఎడమ రూపాలు ఎన్నో. శరీరానికి ఈ తేడా బాగా తెలుసు. పుస్తకంలోని చదును బొమ్మతో తికమకపడిన విద్యార్థులు చేతిలోకి ఇలాంటి నమూనా తీసుకోగానే తెరిపిన పడతారు.

థాలిడోమైడ్ అనే మందు అణువుకు ఇలా రెండు రూపాలు ఉన్నాయి. ఒంట్లో ఒకటి రెండోదిగా మారుతూ ఉంటుంది కూడా. 1957లో పశ్చిమ జర్మనీలో దాన్ని నిద్రమందుగా అమ్మకానికి పెట్టారు. గర్భిణుల వేవిళ్లకూ వాడారు. దానివల్ల ప్రపంచంలో 10,000 మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. 1961 నవంబరులో జర్మనీలో అమ్మకం ఆపారు. అమెరికాలో మాత్రం అది అంగళ్లలోకి రానేలేదు. అడ్డుపడింది ఫ్రాన్సెస్ కెల్సీ అనే ఆవిడ.

ఈమె కథ మనకు కావలసినదే. కెనడాలో 1914లో పుట్టింది. షికాగో విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్రం చదువుతుండగా 1937లో ఒక ఘోరం జరిగింది. సల్ఫనిలమైడ్ అనే మంచి మందును తాగడానికి వీలుగా ఒక కంపెనీ డైఇథిలీన్ గ్లైకాల్ అనే తియ్యని ద్రవంలో కరిగించి అమ్మింది. జంతువుల మీద పరీక్షించి చూడలేదు. ఆనాటి చట్టం చూడమనలేదు కూడా. వందమందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. ఆ విషం గుట్టు తేల్చిన ప్రయోగశాలలో కెల్సీ పనిచేసింది. 1938లో పిహెచ్.డి. పుచ్చుకుంది. పెళ్లయింది, ఇద్దరు కూతుళ్లు పుట్టారు. ఆ సంసారంతోనే మెడికల్ కాలేజీలో చదివి, 1950లో, ముప్పై అయిదేళ్ల ప్రాంతంలో డాక్టరు పట్టా తీసుకుంది. 1960లో అమెరికా మందుల నియంత్రణ సంస్థలో చేరగానే ఆమె బల్ల మీదికి థాలిడోమైడ్ దరఖాస్తు వచ్చింది. కంపెనీవాళ్లు పదేపదే ఒత్తిడి తెచ్చినా, చూపిన సాక్ష్యం చాలదని ఆమె సంతకం పెట్టలేదు. 1962లో అధ్యక్షుడు కెనెడీ ఆమెను సన్మానించాడు. 2015లో 101 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

డైఇథిలీన్ గ్లైకాల్ సంగతి అక్కడితో ముగిసిపోలేదు. ఇది కంటికి గ్లిసరిన్‌లాగే ఉంటుంది. చిక్కగా, తియ్యగా, రంగు లేకుండా. రెండింటిలోనూ హైడ్రాక్సిల్ సమూహాలే. అయితే కాలేయం దీని చివరలను ఆక్సీకరించి ఆమ్లాలుగా మారుస్తుంది. అలా పుట్టే డైగ్లైకాలిక్ ఆమ్లం మూత్రపిండాల కణాలను చంపుతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో దగ్గుమందు తాగిన పిల్లలు 20 మందికి పైగా మరణించినప్పుడు ఆ మందులో దొరికిందీ ఇదే. 1937కూ 2025కూ మధ్య అణువు మారలేదు.

దారి తిరగేసి నడిచిన తెలుగువారూ ఒకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివాక, అమెరికా వెళ్లి అక్కడ జీవరసాయనం పట్టుకున్నాడు. 1930లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. అందుకునేటప్పటికి ఆయనకూ ముప్పై అయిదే. తరువాత ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారు చేశారు. ఆ అణువులో ఒకే ఒక్క హైడ్రాక్సిల్ స్థానంలో అమైనో సమూహం పెడితే అమైనోప్టెరిన్ వస్తుంది. కణం దాన్ని విటమిన్ అనుకుని పట్టుకుని మోసపోతుంది. సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త కేన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించాడు. దానికి మరొక మిథైల్ సమూహం తగిలిస్తే మెథోట్రెక్సేట్. ఈనాటికీ అది ఆసుపత్రుల్లో ఉంది.

ఇన్ని చెప్పి, కర్బన రసాయనం రానిదే డాక్టరు కాలేరని నేను అనను. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ మెడికల్ కాలేజీ 1987 నుంచి సాహిత్యం, చరిత్ర చదివిన కొందరిని కర్బన రసాయనం లేకుండానే, ఎంక్యాట్ లేకుండానే చేర్చుకుంది. వాళ్లు మిగతావారికి పెద్దగా తీసిపోలేదని 2010లో ఆ కాలేజీవాళ్లే లెక్కలు ప్రచురించారు. 2015లో మార్చిన ఎంక్యాట్‌లో జీవరసాయనానికి చోటు పెరిగింది. రెండో సెమిస్టరు కర్బన రసాయనానికి బదులు జీవరసాయనం చదివినా చాలునంటున్న కాలేజీలూ ఉన్నాయి. ఆలస్యంగా వచ్చినవారికి ఇది కొంత ఊరటే. నన్నడిగితే, మిగిలేది ఒక్క సెమిస్టరే అయినా అందులో ఆస్పిరిన్, డైఇథిలీన్ గ్లైకాల్ రెండూ ఉండి తీరాలంటాను.